కెమెరా ఎక్కడ పట్టుకోవాలి?

కిందటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. చూడబోతే చాలా చిన్నది. కాని దాని మూలంగా మా అమ్మ పన్నెండు రోజులపాటు ఫోను ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో, మళ్ళీ ఎట్లా ముట్టిందో చెబుతాను, వినండి.

మా ఊరు ఝరాసంగానికి దగ్గర. కేతకీ సంగమేశ్వరుడి గుడి ఉన్న ఝరాసంగమే. నేను జహీరాబాదులో ఉంటాను. బడికి సెలవులివ్వగానే మావాణ్ణి అమ్మమ్మ దగ్గరకు పంపటం మాకు అలవాటు. వాడికి పన్నెండేళ్ళు. తెలివైనవాడే, కాని ఫోను చేతిలో ఉంటే తెలివి కాస్త పక్కకు పోతుంది.

మా అమ్మకు చదువు రాదు. అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. ఈ మధ్య మా అన్నయ్య ఆమెకొక కొత్త ఫోను కొనిపెట్టాడు. మీట నొక్కి, ఫలానావారికి కలుపు అని నోటితో చెబితే చాలు, అదే కలుపుతుంది. చదువు రానివారికి ఇంతకంటె ఏం కావాలి?

ఒకనాటి మధ్యాహ్నం అమ్మ నేలమీద కూర్చుని చేటతో జొన్నలు చెరుగుతున్నది. ఉన్నట్టుండి తమ్ముడు గుర్తుకు వచ్చాడు. చేట పక్కన పెట్టి, ఫోను చేతిలోకి తీసుకుని, ఇంటికి వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"తల్లీ, జెర మా తమ్మునికి ఫోన్ గలుపవా? దినాం యాదికొస్తున్నడు."

ఫోను ఒక సినిమాపాట వినిపించింది.

"పాట గాదు తల్లీ, తమ్ముడు! బీదర్ దిక్కున్నడు గదా, గా తమ్ముడు!"

ఈసారి ఫోను బీదరులో ఎండ ఎంత ఉన్నదో చెప్పింది.

మావాడు మంచం ఎక్కి నిలబడి, ఇదంతా మొదటినుంచి చివరిదాకా వీడియో తీశాడు. తీసి, "ఫోనుతల్లి" అని దానికొక పేరు పెట్టి, తన పెదనాన్న పిల్లలకూ అత్త పిల్లలకూ పంపాడు. వాళ్ళు తమ స్నేహితులకు పంపారు. ఆ స్నేహితులు మరెవరికి పంపారో ఎవరికి తెలుసు!

తరవాతి సోమవారం అమ్మ గుడికి వెళ్ళింది. అక్కడ గుండం దగ్గర ఎవరో కుర్రవాళ్ళు ఆమెను చూసి మోచేతులతో పొడుచుకుంటూ, "అదిగోరా, ఫోనుతల్లి! జెర తమ్మునికి గలుపవా?" అని నవ్వారు. అమ్మకు ముందు అర్థం కాలేదు. వాళ్ళలో ఒకడు తన ఫోను తీసి చూపించాడు. అందులో తను కనిపించింది, నెత్తిమీది కొంగు జారి, ఒళ్ళంతా దుమ్ముతో, నేలమీద కూర్చుని.

అమ్మ ఇంటికి వచ్చి ఎవరినీ ఏమీ అనలేదు. ఫోను ఆర్పేసి, గుడ్డలో చుట్టి, గూట్లో పెట్టింది.

తొమ్మిదో రోజున బీదరు దగ్గర ఉండే మా మేనమామ చేను గట్టుమీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళు అమ్మకు ఎన్నోసార్లు ఫోను చేశారట. గూట్లో ఉన్న ఫోను ఎట్లా పలుకుతుంది? మూడు రోజుల తరవాత ఎవరో బస్సు దిగి వచ్చి చెబితేగాని తెలియలేదు. నేను వెళ్ళేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉన్నది.

"నా తమ్ముడు పిలిచిండు బిడ్డా, నేను పలుకలే," అన్నది.

మావాడు తలుపు వెనక నిలబడి వింటున్నాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నేను వాణ్ణి చెడామడా తిట్టటానికి నోరు తెరిచాను. అంతలోనే ఒక పాత సంగతి గుర్తుకు వచ్చి నోరు మూసుకున్నాను. ఆ సంగతి వాడికి ఆ రాత్రి వాకిట్లో మంచం మీద చెప్పాను. మీకూ చెబుతాను.

నేను జహీరాబాదులో చదువుకునే రోజుల్లో అమ్మ నన్ను చూడటానికి వచ్చేది. నా స్నేహితురాళ్ళ ముందు ఆమె నోరు విప్పితే నాకు సిగ్గు వేసేది. పుస్తకాల్లో మాటలు వేరు, రేడియోలో మాటలు వేరు, మా అమ్మ మాటలు వేరు. "అమ్మా, నువ్వు వాళ్ళముందు ఎక్కువ మాట్లాడకు," అని ఒకరోజు అనేశాను. ఆమె ఆ తరవాత వచ్చినప్పుడల్లా వచ్చిన పని చూసుకుని, మౌనంగా వెళ్ళిపోయేది. అంటే, నా కొడుకు ఫోనుతో చేసిన పని నేను ఏ ఫోనూ లేకుండానే చేశానన్నమాట!

తరవాత 2008వ సంవత్సరం వచ్చింది. ఒకనాటి సాయంత్రం ఊరికి వచ్చిన నేను స్నానం చేసి బయటికి వచ్చేసరికి, అమ్మ చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నది. లోపల ఎవరో ఆడవాళ్ళు విత్తనాల గురించి మాట్లాడుకుంటున్నారు. అచ్చంగా మా అమ్మ మాట్లాడినట్టే!

"గిదేందే! రేడియోల మనోళ్ళు మాట్లాడుతున్నరు!" అన్నది అమ్మ.

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం ఎట్లా వెలిగిందో నేను ఈనాటికీ మరిచిపోలేదు.

ఆ రేడియో స్టేషను మా ఝరాసంగం మండలంలోని మాచనూరు గ్రామంలోనే ఉన్నది. దాని పేరు సంఘం రేడియో. దాని వెనక ఒక పెద్ద కథ ఉన్నది.

జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983లో మొదలైంది. ఊరూరా పేద స్త్రీలు సంఘాలుగా కూడి, బీడుపడిన నేలలు బాగుచేసి, జొన్న, సజ్జ, కొర్ర, కంది వంటి పాత పంటలు పండించారు. విత్తనం ఎట్లా దాచాలి, ఏ పంట పక్కన ఏ పంట వెయ్యాలి, పసిబిడ్డకు కడుపునొప్పి వస్తే ఏమి చెయ్యాలి అనే విషయాల్లో వాళ్ళకు ఎంతో జ్ఞానం ఉన్నది. కాని అది కాగితం మీద లేదు. వాళ్ళలో చాలామందికి రాయటం రాదు. రాయటం రానివారి జ్ఞానం పదిమందికీ చేరాలంటే ఏమిటి దారి? గొంతు! అందుకని వాళ్ళు రేడియో కావాలన్నారు.

యునెస్కో సాయంతో 1998లో మాచనూరులో స్టేషను సిద్ధమయింది. కాని గాలిలోకి మాట పంపటానికి ప్రభుత్వం అనుమతి కావాలి. రేడియో తరంగాలు ప్రజలందరి సొత్తు అని సుప్రీం కోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయినా ఆ తలుపు వెంటనే తెరుచుకోలేదు. ఆ స్త్రీలు ఊరికే కూర్చున్నారా? లేదు. పాటలూ మాటలూ టేపుల మీద రికార్డు చేసి, ఆ క్యాసెట్లు ఊళ్ళకు తీసుకుపోయి, సంఘం సమావేశాల్లో వినిపించారు. అలా పదేళ్ళు గడిచాయి! 2006లో ప్రభుత్వం విధానం మార్చి, ప్రజల సంస్థలు కూడా రేడియో నడపవచ్చునన్నది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలో పలికింది. 1995లో ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తి పి. బి. సావంతుగారే వచ్చి ప్రారంభించారు. ప్రపంచమంతటా గ్రామీణ మహిళా దినంగా మొదటిసారి జరుపుకున్న రోజు కూడా అదే.

మైకు ముందు కూర్చున్నదీ, మీటలు తిప్పిందీ, రికార్డు చేసినదీ మన ఊళ్ళ ఆడపిల్లలే. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు ఆ స్టేషను నడిపి పేరు తెచ్చుకున్నారు.

ఇక్కడ మావాడు, "గాలిలో మాట ఎట్లా పోతుందమ్మా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే.

మాచనూరు స్టేషనుకు ఇచ్చిన సంఖ్య 90.4 మెగాహెర్ట్‌జ్. అంటే, అక్కడి స్తంభం మీది తీగలో విద్యుత్తు సెకనుకు తొమ్మిది కోట్ల నాలుగు లక్షల సార్లు ఊగుతుంది. ఆ ఊపుకు అలలు పుట్టి, సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతాయి. ఒక్కొక్క అల పొడవు 3.3 మీటర్లు, అంటే ఇంచుమించు పదకొండు అడుగులు. నర్సమ్మ మాట్లాడితే, ఆమె గొంతును అనుసరించి ఆ ఊపు రవంత ఎక్కువవుతూ, రవంత తక్కువవుతూ ఉంటుంది. మన రేడియో ఆ తేడాలను కనిపెట్టి, వాటిని మళ్ళీ గొంతుగా మార్చుతుంది. మెరుపులు మెరిసినప్పుడు అల ఎత్తు చెదురుతుంది కాని, ఈ తేడాలు అంతగా చెదరవు. అందుకే గరగరలు తక్కువ. ఇటువంటి రేడియోకు శక్తి సాధారణంగా 100 వాట్లు మించరాదనీ, స్తంభం 30 మీటర్లు మించరాదనీ నియమం. కాబట్టి ఆ మాట ఢిల్లీ దాకా పోదు. చుట్టుపక్కల ఊళ్ళకు చేరుతుంది. చేరవలసింది కూడా వాళ్ళకే గదా!

ఆ సంఘాల స్త్రీలు రేడియోతో ఆగలేదు. వీడియో కెమెరా కూడా పట్టారు. పొలంలో కూలికి పోయిన చేతులతోనే కెమెరా పట్టి చిత్రాలు తీశారు. 2001లో తమ కోసం ఒక మీడియా ట్రస్టు ఏర్పాటు చేసుకున్నారు. 2003లో వరంగల్లు పత్తి రైతుల కష్టాల మీద వాళ్ళు తీసిన చిత్రం ఎంతో దూరం పోయింది.

నాకు అన్నిటికంటె నచ్చిన విషయం, వాళ్ళు కెమెరా పట్టే తీరుకు పెట్టుకున్న పేర్లు.

కెమెరా పైన ఉండి కిందికి చూస్తే, అది పటేలు చూపు. వెనకటి రోజుల్లో ఊరి పటేలు గద్దె మీద కూర్చుని, కింద నిలబడ్డ కూలివాళ్ళను అట్లాగే చూసేవాడు గదా! కెమెరా కింద ఉండి పైకి చూస్తే, అది జీతగాడి చూపు. భయంతో, తల ఎత్తి చూసే చూపు. మరి కెమెరా, ఎదుటి మనిషి కళ్ళూ ఒకే ఎత్తులో ఉంటే? దాన్ని వాళ్ళు సంఘం షాట్ అన్నారు. సంఘంలో అందరూ చాపమీద సమానంగా కూర్చుంటారు. అందుకని ఆ పేరు.

ఇంతవరకు చెప్పి నేను ఊరుకున్నాను. మావాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మెల్లగా, "నేను మంచం ఎక్కి తీశాను," అన్నాడు.

కాసేపటికి మళ్ళీ, "అయినా అమ్మమ్మ మాట ఫోనుకు ఎందుకు అర్థం కాలేదు?" అని అడిగాడు.

దానికి కారణం ఉన్నది. ఫోనులోని యంత్రం మనలాగా అర్థం చేసుకోదు. వేలాది మనుషుల మాటలు రికార్డు చేసి, ఏ శబ్దానికి ఏ మాటో దానికి నేర్పుతారు. ఎటువంటి మాటలు ఎక్కువగా వినిపిస్తే వాటినే అది బాగా గుర్తుపడుతుంది. పట్నాల మాట, పుస్తకాల మాట దానికి ఎక్కువగా వినిపించి ఉంటారు. మీ అమ్మమ్మ మాట దాని చెవిన పడి ఉండదు. పాఠం సరిగా చెప్పించుకోనిది యంత్రం. నవ్వవలసివస్తే దాన్ని చూసి నవ్వాలి, అమ్మమ్మను చూసి కాదు.

యంత్రాలు, కాలేజీలు, కాగితాలు ఆడవాళ్ళను మరిచిపోవటం కొత్త కాదు. మద్రాసులో అయ్యలసోమయాజుల లలిత అనే తెలుగు అమ్మాయి ఉండేది. 1919లో పుట్టింది. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు. ఒళ్ళో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఆమె అదే కాలేజీలో చేరి, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదువు పూర్తిచేసింది. మన దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకతె. అంతవరకు అక్కడ మగవాళ్ళే చదివారు కనుక, పట్టా కాగితం మీద "అతడు" అనే అచ్చువేసి ఉన్నది. దాన్ని కొట్టివేసి "ఆమె" అని రాయవలసి వచ్చింది! తరవాత లలితగారు భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్తు పనుల్లో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశానికి వెళ్ళారు. కాగితం తప్పుగా ఉంటే కాగితాన్ని దిద్దారుగాని, ఆమెను ఇంటికి పంపలేదు చూశారా!

తెల్లవారి మావాడు అమ్మమ్మ దగ్గరకు వెళ్ళి తప్పయిందన్నాడు. తన ఫోనులోని వీడియో తీసివేశాడు. పంపినవాళ్ళందరికీ, దయచేసి మీరూ తీసివేయండి అని రాశాడు. ముగ్గురు తీసివేశామన్నారు. మిగతావాళ్ళు జవాబు ఇవ్వలేదు. పంపిన మాటను వెనక్కు తీసుకునే మీట ఫోనులో ఉన్నది, కాని దానికి గడువుంటుంది. అవతలివాళ్ళు దాచుకున్న ప్రతులనూ, ఇంకొకరికి పంపిన ప్రతులనూ అది ముట్టుకోలేదు. ఆ వీడియో ఈనాటికీ ఎవరి ఫోనులోనో ఉండే ఉంటుంది. ఈ మాట వాడికి తెలిసినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను ఓదార్చలేదు. కొన్ని కన్నీళ్ళు అవసరమే.

మేము ముగ్గురమూ బీదరు వెళ్ళి మామయ్యను చూసి వచ్చాం. అమ్మ మళ్ళీ ఫోను వెలిగించింది. అయితే ఈసారి ఇంటిల్లిపాదికీ కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మావాడు వాటిని పాత క్యాలెండరు వెనక రాసి గోడకు అంటించాడు.

మొదటి నియమం అమ్మ చెప్పింది: ఎవరి బొమ్మ తీసినా ముందు అడగాలి, పంపేముందు వాళ్ళకు చూపించాలి. వద్దంటే వద్దే.

రెండవది: ఎవరో పంపిన వార్తను ఇంకొకరికి పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు చూశారు? ఎప్పుడు? ఎక్కడ? జవాబు లేకపోతే ఆ వార్త మన దగ్గరే ఆగిపోవాలి.

మూడవది: ఫోనుకు వచ్చే ఓటీపీ సంఖ్యను, పిన్ సంఖ్యను ఎంత తీయగా అడిగినా ఎవరికీ చెప్పరాదు. ఫోనుతో చెల్లించే పద్ధతిలో పిన్ నొక్కితే డబ్బు మన ఖాతా నుంచి పోతుంది. మనకు డబ్బు రావటానికి పిన్ అక్కరలేదు. "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ నొక్కండి" అన్నవాడు దొంగ.

నాలుగవది: పోలీసులమని చెప్పి, వీడియోలో కనిపించి, నిన్ను అరెస్టు చేశాం, డబ్బు కట్టు అంటే, ఫోను పెట్టెయ్యాలి. అట్లా ఫోనులో అరెస్టు చెయ్యటం మన చట్టంలో లేదు. ఒకవేళ మోసపోయి డబ్బు పోతే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు చెప్పాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అయిదవది మావాడే రాశాడు: పెద్దవాళ్ళకు ఫోను నేర్పేటప్పుడు లాక్కుని మనమే నొక్కరాదు. వాళ్ళ వేలితో వాళ్ళే నొక్కాలి. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లు చెప్పాలి. మనకు అక్షరాలు వాళ్ళు అట్లాగే నేర్పించారు గదా.

ఒకరోజు వాడు, "అమ్మమ్మా, నువ్వు విత్తనాలు ఎట్లా దాస్తావో వీడియో తీయనా?" అని అడిగాడు.

"ఇయ్యాల గాదు," అన్నది అమ్మ.

మర్నాడు అడిగాడు. "ఇయ్యాల గూడ గాదు," అన్నది. వాడు మూడోరోజు అడగలేదు. నియమం నియమమే కదా అని ఊరుకున్నాడు.

సెలవులు అయిపోవటానికి రెండు రోజుల ముందు, అమ్మ తనే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, విత్తనాల గుల్ల ముందు పెట్టుకుని కూర్చున్నది. పేడతో అలికిన గుల్లలో అడుగున బూడిద, మీద విత్తనం, నడుమ నడుమ వేపాకు. పురుగు పట్టకుండా వాళ్ళమ్మ ఆమెకు అట్లా నేర్పిందట.

"రా బిడ్డా," అన్నది మావాడితో. వాడు సంతోషంగా ఫోను తీసుకుని పరుగెత్తుకు వచ్చి, ఆమె ముందు నిలబడి, తియ్యబోయాడు.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందుగాల నువ్వు కూసో. ఆనక నీ ఫోన్ తియ్యి."

వాడు నాలుక కరుచుకుని, ఆమె ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.